పదకొండు మొలకలు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం: నేను లేచేసరికే నాన్న పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తవ్వుతున్నాడు. ఎల్లుండి కంటి ఆపరేషన్. కుడి కన్ను చిన్నప్పుడే పోయింది. ఎడమ కంట్లో పోయిన వారం నుంచి నల్ల తెర దిగుతోంది. కంటి వెనక పొర ఊడిందన్నారు డాక్టరు. ఆ తెర నిన్నటికి ముప్పావు వంతు కిందికి వచ్చేసిందని నాన్నే చెప్పాడు, పక్కవాళ్ళ కొట్టు షట్టరు గురించి చెప్పినంత మామూలుగా.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"కనబడటం లేదూ?" అన్నాడు. వెంటనే తనే నవ్వేశాడు. "ఆ మాట నేను అడగకూడదు కదా."

పొద్దుతిరుగుడు గింజలు వేస్తున్నాడు. గోడ వారగా ఈ మూల నుంచి ఆ మూలకి మిషను దారం లాగి కట్టాడు. దారం వెంట వేలు నడిపించుకుంటూ వెళ్ళి, జాన కొలిచి, చూపుడు వేలు మొదటి కణుపు దాకా గుచ్చి, గింజ వేసి, మట్టి కప్పి, మళ్ళీ జాన. మొత్తం పన్నెండు.

ఇప్పుడీ గింజల గొడవేమిటని అడిగాను.

"ఆపరేషన్ అయ్యాక ఎంత చూపొస్తుందో తేలడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఇవి పూయడానికీ రెండు నెలలే. అప్పటికి చూడటానికి ఏదైనా ఉండాలి కదమ్మా నిఘంటువూ. పెద్ద పువ్వే ఉండాలి. చిన్నదయితే కనబడిందా లేదా అని మళ్ళీ తగువు."

నన్ను నిఘంటువు అని పిలవడం ఈ ఏడాదే మొదలుపెట్టాడు. నేను మాటలు నోటుపుస్తకంలో రాసుకోవడం చూసి.

అమ్మ తను పనిచేసే బస్సు టికెట్ల కౌంటరుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "రక్తపరీక్షకి వెళ్ళాల్సిన మనిషి మట్టి పిసుక్కుంటున్నాడు. చూడు, గోళ్ళు చూడు!"

"సూది బెజ్జంలో దారం ఎక్కించమంటే ఇక నా వల్ల కాదు గానీ, భూమిలో గింజ ఎక్కించమంటే కళ్ళు మూసుకుని చేస్తాను," అన్నాడు నాన్న.

అమ్మ ఆయన గోళ్ళు తన కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

నిన్న విత్తనాల పొట్లం వెనక ఉన్న మాటలన్నీ ఎత్తి రాసుకున్నాను. మొలక శాతం. విత్తే లోతు. "నీరు నిలవని నేల" అని ఉంది. నీరు నిలవని నేల! మూడు మాటలూ "న"తో మొదలై ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ పోతున్నాయి. పొట్లం మీద ఈ వాక్యం రాసిన మనిషి ఎవరో, ఆయనకి ఇది ఇంత బాగుందని తెలుసో లేదో.

చదువుకుంటూ నమలడానికి తెచ్చుకున్న ఉప్పు గింజలు ఎక్కడ పెట్టానో కనబడలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఆపరేషన్‌కి మూడు గంటలు పట్టింది. బయటికొచ్చి డాక్టరు "పొర అతికింది" అన్నారు. చూపు వస్తుందని అనలేదు. అమ్మ "అతికింది, అతికింది" అని నాకు రెండుసార్లు చెప్పింది, నేను పక్కనే ఉన్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

రెండు వారాలు నాన్న బోర్లా పడుకోవాలి. కంట్లో గాలి బుడగ పెట్టారట. తల కిందికి ఉంటేనే ఆ బుడగ పైకి తేలి పొరని నొక్కి పట్టుకుంటుందట. తినడానికి, స్నానాలగదికి తప్ప ముఖం ఎత్తకూడదు. అమ్మ రెండు దిళ్ళ మధ్య సందు పెట్టి ఆ సందులో ముఖం పెట్టుకునేలా అమర్చింది. నాన్న గొంతు ఇప్పుడు మంచం కింది నుంచి వస్తోంది.

"నిఘంటువూ, వచ్చాయా?"

"నాలుగు రోజులేగా నాన్నా అయింది."

"అడిగాను లే."

ఇంటి ముందుగదే నాన్న కొట్టు. ముప్పై ఏళ్ళుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. అది తాళం వేసి ఉంటే ఇల్లంతా ఏదో మింగి కూర్చున్నట్టుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

రాలేదు. "రేపొస్తాయి" అన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

ఇది వరసగా రాయాలి. లేకపోతే నాకే అర్థం కాదు.

కాలేజీ నుంచి వచ్చి చెంచాతో మొదటి గుంట తవ్వాను. గింజ ఉబ్బి, మెత్తబడి ఉంది. వేళ్ళ మధ్య నలిగిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని చీమలు పట్టాయి. నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తొమ్మిది రోజులు మట్టిలో నానినా వేయించిన వాసన పోలేదు.

లోపలికి పరిగెత్తి నోటుపుస్తకం తీశాను. విత్తనాల పొట్లం అందులోనే ఉంది, "మొలక శాతం" రాసుకున్న పేజీలో. విప్పనైనా విప్పలేదు. ఆ మాటలు ఎత్తి రాసుకోవడానికి వంటింటి కిటికీ అరలోంచి నేనే తీసుకొచ్చాను. నా ఉప్పు గింజల పొట్లం ఆ అరలోనే వదిలేశాను. నాన్న చెయ్యి పెట్టాడు, పొట్లం తగిలింది, తీసుకెళ్ళి నాటాడు.

తప్పు నాది. ఇందులో అనుమానం లేదు.

చెప్పేద్దామనే వెళ్ళాను. మూల కొట్టు దర్జీ అత్త పరామర్శకి వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. నాన్న దిళ్ళ సందులోంచి ఆమెతో అంటున్నాడు: "తెర మొత్తం దిగిపోయిన కంటితో పన్నెండు గింజలు దారం పట్టి వేశాను చెల్లెమ్మా. మిషను విప్పడం అంతకన్నా కష్టమా? చూపు రాకపోతే రాకపోనీ. చేతులున్నాయి." డాక్టరుకీ ఇదే చెప్పాడు. మత్తు ఇచ్చే ఆవిడకీ చెప్పాడు. ఆ పన్నెండు గింజలే ఆయన చేతిలో ఉన్న సర్టిఫికెట్. ఆయన నాటినవి వేయించిన గింజలని నేనెలా చెప్పను?

మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను. పాతవన్నీ తీసి పారేసి అసలు విత్తనాలు పన్నెండు వేశాను. దారం కట్టే తీరిక లేదు. జాన కొలుచుకుంటూ గబగబా వేసేశాను.

దర్జీ అత్త వెళ్ళాక నాన్న అడిగాడు, "వచ్చాయా?"

"వచ్చాయి."

ఆయన వీపు కదిలింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వీపుని బట్టి చెప్పే విద్య నాకు రాదు.

"ఎన్ని?"

"పదకొండు."

పన్నెండూ అంటే నమ్మడానికి కష్టంగా ఉంటుందనిపించింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నాన్న కాలేజీకి వెళ్ళనివ్వకుండా అడిగాడు. ఎలా ఉన్నాయి, ఏ రంగు, వంగి ఉన్నాయా, నిలబడ్డాయా. వృక్షశాస్త్రం పుస్తకంలో చూసుకుని చెప్పాను. మొదట వచ్చే రెండు మందపాటి ఆకుల్ని బీజదళాలు అంటారని, అవి గింజలో మడత పెట్టుకుని ఉన్నవేనని, ఒకదానికి పెంకు ఇంకా టోపీలా తలమీదే ఉండిపోయిందని.

"టోపీనా?" అన్నాడు. "అది ఎన్నోది?"

"గేటు వైపు నుంచి నాలుగోది."

"తీసెయ్యకు. దానంతటదే తీసుకుంటుంది."

ఇంటి నుంచి బస్టాపు దాకా ఆ టోపీ గురించే ఆలోచించాను. టోపీ ఎక్కడిదీ? నేను కట్టిందే. అయినా కళ్ళకి కనబడింది. మాటల్లో ఇంత బలముందని ఎవరూ నాకు చెప్పలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

రోజుకో వాక్యం తయారుచేసుకుంటున్నాను. ఇవాళ్టిది: "పొద్దున ఎండ గోడ దిగి వచ్చేసరికి పదకొండూ ఒకేసారి మేలుకున్నట్టు అటు తిరిగాయి." రెండుసార్లు దిద్దాను. "లేచినట్టు" బాగోలేదు, "మేలుకున్నట్టు" బాగుంది.

నాన్నకి వాక్యాలు చాలవు. "పొడుగెంత? వేళ్ళలో చెప్పు," అంటాడు.

"నాలుగు వేళ్ళు."

"బెత్తెడన్నమాట. బాగానే లేస్తున్నాయి."

మధ్యాహ్నం అమ్మతో అంటున్నాడు, రెండు గదుల అవతలికి వినబడేలా: "అది చెబుతుంటే నాకు కనబడుతోందే. నేల మీద ముఖం పెట్టుకుని పడుకున్నానా, సరిగ్గా నా ముఖం కిందే మొలిచినట్టుంది."

అమ్మ అంది, "మీ కూతురు చెబితే ఎండు కట్టె కూడా చిగురేస్తుంది."

ఆకు కూరల్లో ఉప్పు ఎక్కువైనట్టు ఆ మాట కాసేపు నోట్లోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 18, బుధవారం

వచ్చాయి! నిజంగా! పొద్దున మూడు, కాలేజీ నుంచి వచ్చేసరికి తొమ్మిది. ఒక్కదానికి కూడా టోపీ లేదు.

అంటే నేను చెప్పింది అబద్ధం కాదు, ఆరు రోజులు ముందుగా చెప్పిన నిజం. ఆరు రోజులు ఎంత! రోజూ కొంచెం తక్కువ చెబుతూ పోతే పదిహేను రోజుల్లో రెండూ కలిసిపోతాయి. లెక్క వేసుకున్నాను. పువ్వు పూసే రోజుకి ఏ తేడా ఉండదు.

ఫిబ్రవరి 19, గురువారం

నత్తలు. ఏడు మిగిలాయి.

నాన్న ముఖం ఎత్తాడు. రెండు వారాల తర్వాత ఆయన ముఖం చూస్తే ఎవరో చుట్టపాయనలా ఉన్నాడు. బుగ్గల మీద దిండు ముడతలు పోవడం లేదు. కంట్లో బుడగ ఇంకా ఉంది, నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఏదో కదలిక తప్ప ఏమీ తెలియడం లేదట. ఇంకో నెల వంగకూడదు, బరువులెత్తకూడదు.

"వంగారో, చూడండి!" అంది అమ్మ.

"ఆ చూడటం కోసమే కదే రెండు వారాలు బోర్లా పడుకున్నాను."

వంగకూడదు కాబట్టి మొక్కల దగ్గరికి వెళ్ళడు. మంచిదయింది. అంటే ఆయన కంటికి మంచిదని.

ఫిబ్రవరి 22, ఆదివారం

తక్కువ చెప్పాలనుకుంటాను. అడిగేసరికి ఎక్కువ చెబుతాను. "జానెడు మీద రెండు వేళ్ళు" అన్నాను. ఆ ముఖం వెలిగితే ఆపడం నా వల్ల కావడం లేదు.

ఫిబ్రవరి 26, గురువారం

నాన్న ఇవాళ మొక్కల గురించి అడగలేదు. నిన్నా అడగలేదు.

నేనే చెప్పాను: "ఆకులు గరుగ్గా అయ్యాయి నాన్నా, పిల్లి నాలుకలా. కాండం మీద సన్నటి నూగు. దాదాపు మూరెడు."

"అలాగా," అన్నాడు.

ముద్దలో ముద్ద కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు. కంటి గురించి బెంగ. సోమవారం పరీక్ష ఉంది కదా, అందుకే. నేను ఇంకా బాగా చెప్పాలి.

ఫిబ్రవరి 28, శనివారం

దర్జీ అత్త తన మిషను రిక్షాలో పెట్టించుకుని తెచ్చింది. కుట్లు తప్పుతోందట. ఆపరేషన్ తర్వాత మొదటి మిషను. నేను ముందుగది తుడిచి, తలుపులన్నీ తీసి, నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు వరసగా పెట్టాను. నాన్నకి దీపం కూడా అక్కర్లేదు. చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ, కింది దారాన్ని తిప్పే షటిల్ మొన సూది వెనక్కి వచ్చే క్షణాన్ని గోటితో పట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అది కంటితో చేసే పని కానే కాదు.

కూర్చున్నాడు. చక్రం తిప్పాడు. గోరు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఒక స్క్రూ వదులు చేసి, మళ్ళీ బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తీసుకెళ్ళిపో చెల్లెమ్మా. ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్ళు."

"అదేంటన్నయ్యా! నువ్వు ముట్టుకుంటే చాలు దానికి సగం రోగం పోతుంది. నెమ్మదిగానే చెయ్యి, నాకేం తొందర లేదు."

"తొందర కాదు. సరిగ్గా పెట్టాననే అనిపిస్తోంది. కానీ పెట్టానో లేదో నాకు నమ్మకం లేదు. నా చేతులు నాకే అబద్ధం చెబుతున్నాయి. సూది విరిగి నీ కంట్లో పడితే?"

దర్జీ అత్త నా వైపు చూసింది. నేను నూనె డబ్బా మూత బిగించాను. అది బిగించే ఉంది.

మార్చి 2, సోమవారం

డాక్టరు: వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, గుమ్మం ఎక్కడో తెలుస్తుంది. అక్షరాలు, సూదులు ఇక ఉండవు. బుడగ కరిగాక కాస్త మెరుగు కావచ్చు. "కావచ్చు" అనే మాట ఇంత చిన్నదని ఇవాళే చూశాను.

వెనక్కి వస్తూ బస్సులో చెప్పాను, మొక్కలు నా మోకాలికి వచ్చేస్తున్నాయని. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మార్చి 4, బుధవారం

విడిభాగాల కొట్టు బాబాయి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నాన్నకి షటిళ్ళు, బెల్టులు, సూదులు ఇస్తున్న మనిషి. నాన్నే కబురు పెట్టాడట. ఇద్దరూ ముందుగదిలో పెట్టెలన్నీ తెరిచి కూర్చున్నారు. నాన్న ఒక్కొక్క పనిముట్టూ చేతిలోకి తీసుకుని, పేరు చెప్పి, పక్కన పెడుతున్నాడు. ఒక్కదాని పేరూ తప్పు చెప్పలేదు.

"అన్నయ్యా, ఇవి లేకుండా నువ్వేం చేస్తావు?"

"కూర్చుంటాను. అందరూ కూర్చోమనే అంటున్నారుగా."

"ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ కూడబెట్టలేవు. సూది కొలత చూసే ఈ గేజీ ఇప్పుడెక్కడా దొరకదు."

"అందుకే నీకిస్తున్నాను తమ్ముడూ. విలువ తెలిసినవాడివి. ఆదివారం పొద్దున ఎనిమిదికి రిక్షా తెచ్చుకో."

టీ కప్పులు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు నాన్న చెయ్యి గేజీ మీదే ఉంది, పడుకున్న పిల్లిని పట్టుకున్నట్టు.

కళ్ళు పోయాయని దిగులు. అంతే. ఇంకేముంటుంది.

మార్చి 6, శుక్రవారం

అమ్మ బట్టలు మడతపెడుతూ పిలిచింది. నాన్న నీలం పైజామా పట్టుకుని ఉంది. మోకాళ్ళ దగ్గర మట్టి మరక, రెండు ఉతుకులకీ పోలేదు.

"పోయిన వారం, బుధవారం నాడు, నువ్వూ నేనూ లేనప్పుడు పెరట్లోకి వెళ్ళాడు మీ నాన్న," అంది. "వంగొద్దన్నారని మోకాళ్ళ మీద దేకాడట. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"ఆ వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా మూడుసార్లు తడిమాడట. తను జాన కొలిచి వేసిన చోట ఒక్కటీ లేదట. ఎక్కడెక్కడో నాలుగైదు, గడ్డి పరకలంత. పదకొండు మొక్కలు, జానెడు పైన, ఉన్నాయి కదా, నువ్వు చెబుతూనే ఉన్నావు కదా. మరి చేతికి దొరకవేం? 'వేళ్ళు కూడా పోయాయే' అన్నాడు నాతో. 'బోర్లా పడుకుని పడుకుని మొద్దుబారాయో, బుర్రే చెడిందో. చెట్టంత మొక్క చేతికి తెలియనివాడికి షటిల్ మొన ఏం తెలుస్తుంది?' అన్నాడు."

పైజామా మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"నేను చీకటితో వెళ్ళి చీకటితో వస్తాను, ఆ గోడ వైపు చూసిన పాపాన పోలేదు. నువ్వు చెప్పు. నువ్వు చెప్పినంత ఉన్నాయా అసలు?"

"ఉన్నాయి," అన్నాను.

అదే రోజు

ఉన్నాయి అన్నాను. అమ్మ కళ్ళలోకి చూసి అన్నాను.

అదే రోజు, ఇంకా

నిద్ర పట్టడం లేదు. ఈ నోటుపుస్తకం మొదటి నుంచి చదివాను. నాలుగోదానికి టోపీ. పదకొండూ ఒకేసారి మేలుకున్నట్టు. పిల్లి నాలుక. ఎంత కష్టపడి దిద్దుకున్నానో! ఒక్కో వాక్యానికీ ఆయన ఒక్కో వేలు ఇచ్చేశాడు.

మార్చి 7, శనివారం

కాలేజీ మానేశాను. అమ్మ వెళ్ళేదాకా ఆగలేదు, ఆగితే మానేస్తాను. నాన్న టీ తాగుతున్నాడు. అమ్మ చెప్పులు వేసుకుంటోంది.

వంటింట్లోంచి రెండు పొట్లాలూ తెచ్చాను. "నాన్నా, చెయ్యి పట్టు" అన్నాను. కుడి చేతిలో ఒక పొట్లంలోవి నాలుగు, ఎడమ చేతిలో రెండో పొట్లంలోవి నాలుగు పోశాను.

"ఇవేంటో చెప్పు."

"ఏంటిది, పరీక్షా?" విసుగ్గానే అన్నాడు. బొటనవేలితో ఒకసారి ఇటూ ఒకసారి అటూ నెట్టాడు. "పొద్దుతిరుగుడే, రెండూ. ఇవి పచ్చివి. ఇవి వేయించినవి, తేలిగ్గా ఉన్నాయి, ఉప్పు గరగర. నీ తిండి గింజలు. ఎందుకు?"

ఎందుకో చెప్పాను. అర, పొట్లం, నోటుపుస్తకం. తొమ్మిదో రోజు తవ్వడం. మళ్ళీ వేయడం. పదకొండు. నత్తలు. ఏడు. రాత్రంతా ఒక వరస అనుకున్నాను గానీ ఏదీ ఆ వరసలో రాలేదు. మధ్యలో అమ్మ చెప్పులు విప్పి కింద కూర్చుంది.

నాన్న చేతుల్లో గింజలు అలాగే ఉన్నాయి.

"ఆ రోజే అనుకున్నాను," అన్నాడు చివరికి. "గింజ ఇంత తేలికేమిటని. విత్తనాల పొట్లమే అనుకున్నాను కాబట్టి చేతి మాట వినలేదు."

"నాన్నా, నేను..."

"ఉండు. పెరట్లో తడిమినప్పుడు నాకు దొరికినవి ఎన్నో తెలుసా? అయిదు. మూడేసి వేళ్ళున్నాయి. అప్పటికి అవి ఎంత ఉన్నాయి?"

"మూడు వేళ్ళు. ఏడున్నాయి. రెండు గోడకి మరీ దగ్గరగా..."

"ఎందుకంత వంకరగా వేశావు? జాన కొలవలేదా?"

"కొలిచాను."

"ఎవరి జాన?"

నాకు అప్పటిదాకా తట్టనే లేదు. నాన్న గింజలు టీ కప్పులో వేసేసి, నా చెయ్యి వెతికి పట్టుకుని, నా అరచేతికి తన అరచెయ్యి ఆనించాడు. నా వేళ్ళు ఆయన వేళ్ళ పై కణుపు దగ్గరే ఆగిపోయాయి.

"ఈ చేత్తో వేసిన మొక్కల్ని ఆ చేత్తో వెతికితే ఏం దొరుకుతాయి," అన్నాడు.

అప్పుడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చెయ్యి వదిలేశాడు.

"పదకొండన్నావు. ఆ పదకొండునీ నేను చూశాను. ముక్కు నేలకి రాసుకుంటూ, ఒక్కొక్కదాన్నీ చూశాను. టోపీ పెట్టుకున్నదాన్ని కూడా. ఆపరేషన్ తర్వాత నేను చూసింది అదొక్కటే. నువ్వు చెత్తగా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. బాగా చెప్పావు. అదీ నా కోపం."

అమ్మ "పోనిద్దురూ, పిల్ల..." అంది.

"పిల్ల కాదు. మాట ఎంత పని చేస్తుందో తెలిసిన మనిషి. ఇంకొక్క రోజు ఆగి ఉంటే నా పెట్టెలు పోయేవి."

నాకు ఏడుపు రాలేదు. రావాల్సింది.

తర్వాత ఆయనంతట ఆయనే లేచి పెరట్లోకి నడిచాడు. గుమ్మం తన్నుకోలేదు. నేను వెనకాల వెళితే చేత్తోనే ఆగమన్నాడు. ఏడింటినీ తడిమాడు. ఒక్కొక్కదానికి తన జాన పెట్టి చూశాడు. గేటు వైపు నుంచి రెండోది వంగి ఉంది, దాని మొదట్లో మట్టి ఎగదోసి నొక్కాడు. నాకేం చెప్పలేదు. నేనూ ఎలా ఉన్నాయో చెప్పలేదు.

అమ్మ కౌంటరుకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. జీవితంలో మొదటిసారి.

సాయంత్రం దాకా నాన్న ముందుగదిలోనే ఉన్నాడు. కట్టేసిన పెట్టెల మధ్య. దీపం వేసే వేళకి పిలిచాడు, నిఘంటువూ అని కాదు, మామూలుగా, "అమ్మాయ్" అని.

"రేపు బాబాయి రిక్షా తెస్తాడు. వాడొచ్చేసరికి దర్జీ చెల్లెమ్మ మిషను ఈ బల్ల మీద ఉండాలి. విప్పి చూస్తాను. కుట్టు పడితే పెట్టెలు ఇక్కడే ఉంటాయి. పడకపోతే తీసుకెళ్ళనీ, నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుని అడ్డం రాకు."

"పడుతుంది నాన్నా."

"నువ్వు చెప్పకు," అన్నాడు. "బట్ట చెబుతుంది."

తలుపు దాకా వచ్చాక మళ్ళీ అన్నాడు, "ఆవిడ అడుగుతుంది, వారం కింద వద్దని పంపినవాడు ఇప్పుడెందుకు తెమ్మంటున్నాడని. అది నేను చెప్పను."

ఆమె ఇప్పటికే ఇంకెవరికైనా ఇచ్చేసిందేమో తెలియదు. ఇచ్చేసి ఉంటే అక్కడికి కూడా వెళ్ళాలి. ఆదివారం రిక్షాలు ఆలస్యంగా వస్తాయి, కాబట్టి దారిలోనే ఒకటి పట్టుకుని వెళ్ళాలి. ఎనిమిది లోపు మిషను బల్ల మీద ఉండాలంటే ఆరింటికల్లా ఆమె తలుపు తట్టాలి. తలుపు తీయగానే ఏమనాలో ఇందాకటి నుంచి ఈ పేజీ అంచున నాలుగు వాక్యాలు రాశాను. నాలుగూ బాగున్నాయి. నాలుగూ కొట్టేశాను. అయిదింటికి లేచి, ముఖం కడుక్కుని, జరిగింది జరిగినట్టు చెప్పడానికి వెళతాను.